సెప్టిక్ షాక్‌లో మత్తు మందు ఇస్తే మెదడుకి రక్తం తగ్గిపోతుందా? నాన్న ఐసీయూలో ఉన్నారు, తెలిసినవాళ్లు చెప్పండి

గాజువాక అబ్బాయి:

అందరికీ నమస్కారం. మాది గాజువాక. నాన్నకి 67 ఏళ్లు, స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైర్ అయ్యారు, షుగర్, బీపీ రెండూ చాలా ఏళ్లుగా ఉన్నాయి. యూరిన్ ఇన్ఫెక్షన్ కాస్తా రక్తంలోకి పాకి, ఒళ్లంతా దెబ్బతినే సెప్సిస్ అయి, బీపీ కూడా పడిపోయే సెప్టిక్ షాక్ దాకా వెళ్లింది, ఇప్పుడు సిటీలోనే ఒక ఆసుపత్రి ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నారు. యాంటీబయాటిక్స్ నడుస్తున్నాయి. డాక్టర్లు బాగానే మాట్లాడుతున్నారు, కానీ వాళ్లకి నిలబడి చెప్పేంత టైం ఉండదు, లోపలికి వెళ్లిన ఆ కాస్సేపట్లో నాకు ఏం అడగాలో తోచదు.

నా డౌట్ ఏంటంటే, మంచం పక్కన పంపుల్లో ఒకటి నార్‌అడ్రినలిన్, అది బీపీ పెంచడానికి అన్నారు. ఇంకోటి డెక్స్‌మెడిటోమిడిన్, "స్ట్రెస్ తగ్గి ప్రశాంతంగా పడుకుంటారు" అన్నారు. మొదట్లో పాలలా తెల్లగా ఉండే ప్రొపోఫాల్ ఇచ్చి, బీపీ పడిపోతోందని మార్చారట. ఇంటికొచ్చి చదివితే ఈ డెక్స్ కూడా బీపీ తగ్గిస్తుందని, గుండె వేగం తగ్గిస్తుందని, మెదడుకి వెళ్లే రక్తం కూడా తగ్గిస్తుందని ఉంది. మరి ఒక పంపుతో పెంచి ఇంకో పంపుతో తగ్గించడం ఎందుకు? అసలే బీపీ లేని మనిషికి మెదడుకి రక్తం ఇంకా తగ్గిస్తే, లేచాక మమ్మల్ని గుర్తుపడతారా? బాబాయి అనకాపల్లి నుంచి వచ్చి "ముందు ఆ మత్తు ఆపించెయ్యరా" అని ఒకటే పట్టు. అమ్మ ముందు నేను టెన్షన్ పడకూడదు. కష్టమైన మాటలైనా పర్లేదు, ఉన్నదున్నట్టు చెప్పండి.

అనస్థీషియా, మహారాణిపేట:

నేను ఆంధ్రా మెడికల్ కాలేజీలో అనస్థీషియా పీజీ చేశాను, ఇప్పుడు పనంతా ఐసీయూలోనే. మీ నాన్నగారి కేస్ షీట్ నేను చూడలేదు కాబట్టి ఆయన విషయంలో నిర్ణయం అక్కడి డాక్టర్లదే, కానీ మీరడిగినదానికి జవాబు ఉంది.

అవును, తగ్గుతుంది. ప్రొపోఫాల్, మిడజోలం, డెక్స్, ఈ మూడు మత్తు మందులూ మెదడుకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. అయితే మీరు చదివినచోట సగమే రాశారు. మెదడు ఒంటి బరువులో రెండు శాతమే అయినా, ఒళ్లంతా వాడే ఆక్సిజన్‌లో ఐదో వంతు అదే వాడుకుంటుంది. మామూలుగా 100 గ్రాముల మెదడుకి నిమిషానికి 50 ఎంఎల్ రక్తం అందుతుంది. మత్తులో ఉన్నప్పుడు కణాల పని తగ్గుతుంది, పని తగ్గితే ఆక్సిజన్ అవసరం తగ్గుతుంది, దానికి తగ్గట్టు నాళాలు కాస్త ముడుచుకుని రక్తం తక్కువ తీసుకుంటాయి. అర్ధరాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక మీటరు నెమ్మదిగా తిరుగుతోందంటే లైను పాడైందని అనుకోం కదా, ఇదీ అంతే.

డెక్స్ గురించి ఒకప్పుడు గట్టి అనుమానమే ఉండేది. 2002లో ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లకి ఈ మందు ఇచ్చి స్కాన్ చేస్తే మెదడు రక్తం సుమారు మూడో వంతు తగ్గింది. ఇది నాళాలని నేరుగా కూడా ముడుచుకునేలా చేయగల మందు, అంచేత అవసరం అలాగే ఉండి రక్తం ఒక్కటే తగ్గుతోందేమో అన్నది ఆ అనుమానం. 2008లో ఇంకో బృందం అవసరాన్ని కూడా కొలిచి చూస్తే అదీ దాదాపు అదే నిష్పత్తిలో తగ్గుతోందని తేలింది. ఇవన్నీ ఆరోగ్యవంతుల మీద చేసినవి, సెప్టిక్ షాక్‌లో ఉన్న మనిషి మీద కాదు. ఈ తేడా మీరు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే అసలు ప్రమాదం ఉన్నది ఇక్కడే.

మామూలు మనిషికి బీపీ కాస్త పడినా పెరిగినా మెదడుకి వెళ్లే రక్తం మారదు. బీపీ తగ్గితే మెదడులోని నాళాలు విప్పుకుంటాయి, పెరిగితే బిగుసుకుంటాయి. పుస్తకాల్లో మీన్ బీపీ, అంటే సగటు బీపీ, 60 నుంచి 150 దాకా ఇలా కాపాడుకోగలదని ఉంటుంది. దీన్నే ఆటోరెగ్యులేషన్ అంటాం. సెప్టిక్ షాక్‌లో చాలామందికి ఈ శక్తి దెబ్బతింటుంది, ముఖ్యంగా మొదటి రోజుల్లో. అప్పుడు బీపీ ఎటు పోతే మెదడు రక్తం కూడా అటే పోతుంది. కాబట్టి మత్తు మందు మెదడు మీద నేరుగా చేసే పని కంటే, అది బీపీని ఎంత పడేస్తోందన్నది నాకు ముఖ్యం. ప్రొపోఫాల్‌తో బీపీ పడుతోందని మార్చారన్నారు చూడండి, ఆ డాక్టర్లు చూస్తున్నది సరిగ్గా ఇదే.

ఇక రెండు పంపుల సంగతి. డెక్స్ మెదడు కాండంలో లోకస్ సెరూలియస్ అనే చిన్న చోట పనిచేసి, ఒళ్లు తనంతట తాను వదిలే అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్‌ల హోరు తగ్గిస్తుంది. పంపులోంచి వచ్చే నార్‌అడ్రినలిన్ నేరుగా రక్తనాళం గోడ మీద పనిచేస్తుంది. కాబట్టి ఒకటి రెండోదాన్ని రద్దు చేసేయదు. పైగా ఈ హోరు రోజుల తరబడి సాగితే గుండెకీ మంచిది కాదు, నాళాలు కూడా మందుకి స్పందించడం మానేస్తాయి. గొర్రెల మీద చేసిన ప్రయోగాల్లో ఈ రకం మందులిస్తే నాళాలు నార్‌అడ్రినలిన్‌కి మళ్లీ బాగా స్పందించాయి, మనుషుల్లో ఇంకా అంత గట్టి రుజువు లేదు. గుండె వేగం బాగా పడిపోయినా, ఒంట్లో నీళ్లు సరిపోకపోయినా డెక్స్ కూడా బీపీని పడేస్తుంది, అది నిజం. అందుకే సెప్టిక్ షాక్‌లో మొదట ఒక్కసారిగా ఎక్కించే పెద్ద డోసు చాలామందిమి మానేసి చిన్న డోసుతో నెమ్మదిగా మొదలుపెడతాం.

ఎవరూ పట్టించుకోని ఇంకో విషయం కార్బన్ డయాక్సైడ్. రక్తంలో అది ఒక్క పాయింట్ మారితే మెదడు రక్తం మూడు నాలుగు శాతం మారుతుంది. 40 ఉండాల్సింది 30కి దిగితే ఏ మత్తు మందూ లేకుండానే దాదాపు మూడో వంతు తగ్గిపోయినట్టు. సెప్సిస్‌లో రోగి ఎగశ్వాస తీస్తుంటే, లేదా వెంటిలేటర్ ఊపిరి ఎక్కువ కొడుతుంటే ఇది జరుగుతుంది. డెక్స్ గురించి రాత్రంతా చదివే మీరు పొద్దున్న బ్లడ్ గ్యాస్ రిపోర్టులో ఈ నంబరు ఎంతో అడగండి.

మీ బాబాయి గారి మాటలో కొంత న్యాయం ఉంది. మత్తు ఎంత తేలికగా ఉంటే అంత మంచిది, 2018 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా అదే చెబుతున్నాయి, మిడజోలం కంటే ప్రొపోఫాల్ గానీ డెక్స్ గానీ మేలని కూడా అంటున్నాయి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో మిడజోలం ఒంట్లో పేరుకుపోయి ఆపినా రోజుల తరబడి లేవరు, అప్పుడు అది మందు మిగిలిపోయిందా, మెదడు దెబ్బతిందా అని తేల్చుకోలేక అందరం నలిగిపోతాం. అలాగని ఉన్నపళంగా ఆపించేయమంటే మనిషి ట్యూబుతో పెనుగులాడతాడు, ఆక్సిజన్ వాడకం పెరుగుతుంది, ట్యూబు లాగేసుకునేవాళ్లనీ చూశాను. ఆపించమని అడగకండి, ఎంత తేలికగా ఉంచగలరని అడగండి.

నైట్ డ్యూటీ సిస్టర్:

తమ్ముడూ, సార్ అంతా చెప్పారు, నేను మంచం దగ్గర జరిగేది చెబుతాను. మత్తు ఎంత లోతులో ఉందో మేం రాస్ అనే స్కోరు వేసి చార్టులో రాస్తాం. సున్నా అంటే మెలకువగా ప్రశాంతంగా ఉన్నట్టు, మైనస్ రెండు అంటే పిలిస్తే కళ్లు తెరిచి పది సెకన్ల లోపే మళ్లీ మూసుకున్నట్టు, మైనస్ ఐదు అంటే గిచ్చినా కదలనట్టు. డాక్టరు గారిని "ఇవాళ రాస్ ఎంత, ఎంతలో ఉంచాలనుకుంటున్నారు" అని అడిగితే వాళ్లు విసుక్కోరు, సంతోషిస్తారు. డెక్స్ మీద ఉన్నవాళ్లు చాలామంది పిలిస్తే పలుకుతారు, చెయ్యి నొక్కమంటే నొక్కుతారు, వదిలేస్తే పడుకుంటారు. మీరు లోపలికి వెళ్లినప్పుడు చెవి దగ్గర పేరు చెప్పండి. "నాన్నా, నేను, ఇవాళ ఫలానా వారం, మనం వైజాగ్‌లోనే ఆసుపత్రిలో ఉన్నాం, నోట్లో ట్యూబు ఉంది కాబట్టి మాట రాదు" అని ఎప్పుడెళ్లినా చెప్పండి, చెప్పిందే మళ్లీ చెప్పినా నష్టం లేదు.

కళ్లజోడు, చెవి మిషన్ ఉంటే తెచ్చి సిస్టర్‌కి ఇవ్వండి, చాలామంది పోతాయని ఇంట్లో దాచేస్తారు, కళ్లు సరిగ్గా కనబడక చెవులు వినబడక మనిషి ఇంకా గందరగోళపడతాడు. ఏడవాలనిపిస్తే బయటికొచ్చి ఏడవండి, ఆయన దగ్గర మామూలు గొంతుతోనే మాట్లాడండి.

జనరల్ మెడిసిన్, ఆరిలోవ:

పైన సార్ చెప్పినదాంతో ఒప్పుకుంటూనే ఒకటి కలుపుతాను, ఎందుకంటే ఈ కేసులో అదే కీలకం అనిపిస్తోంది. సెప్టిక్ షాక్‌లో మీన్ బీపీ కనీసం 65 ఉంచమని 2021 మార్గదర్శకం. మీన్ అంటే కింది నంబరుకి, పైకీ కిందకీ ఉన్న తేడాలో మూడో వంతు కలపడం. మానిటర్ మీద 100/50 ఉంటే సుమారు 67. కానీ మీ నాన్నగారికి ఏళ్ల తరబడి బీపీ ఉంది. అలాంటివాళ్ల మెదడు నాళాలు ఎక్కువ ఒత్తిడికే అలవాటుపడి ఉంటాయి, సార్ చెప్పిన ఆ 60 నుంచి 150 అనే పరిధి మొత్తం పైకి జరిగి ఉంటుంది. మిగతావాళ్లకి 65 చాలినా ఈయన మెదడుకి చాలకపోవచ్చు, దాని మీద మత్తు మందు ఇంకో ఐదు పాయింట్లు తగ్గిస్తే ఆ తేడా ఈయనకే తెలుస్తుంది. నేనైతే 75 దగ్గర ఉంచుతాను.

అనస్థీషియా, మహారాణిపేట:

మీ అభిప్రాయాన్ని గౌరవిస్తాను గానీ అందరికీ 75 అనలేను. ఫ్రాన్స్‌లో 2014లో 776 మంది మీద సరిగ్గా ఇదే చూశారు, సగంమందికి 65 నుంచి 70, సగంమందికి 80 నుంచి 85. 28 రోజులకి మరణాల్లో తేడా లేదు. పాత బీపీ ఉన్నవాళ్లలో ఎక్కువ బీపీ ఉంచితే డయాలసిస్ అవసరం తగ్గింది, అది మీ వైపు మాట. కానీ ఎక్కువ ఉంచినవాళ్లకి గుండె లయ తప్పడం పెరిగింది, నార్‌అడ్రినలిన్ డోసు పెరిగితే ఆ ఖరీదు తప్పదు. అందులో మెదడు రక్తాన్ని కొలవలేదు కూడా. కాబట్టి ఈ మనిషికి ఈ పూట ఎంత ఉంటే యూరిన్ వస్తోంది, లాక్టేట్ (ఒంటికి రక్తం, ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగేది) దిగుతోంది, పిలిస్తే పలుకుతున్నాడు అన్నది చూసి పెంచుకోవడమే.

జనరల్ మెడిసిన్, ఆరిలోవ:

అంతవరకు ఒప్పుకుంటాను. ఒక పూట పెంచి చూసి, లాభం లేకపోతే దించేయడం నేనూ చేసేదే. నా భయమల్లా పాత బీపీ సంగతి కేస్ షీట్ మొదటి పేజీలో రాసి ఉండి కూడా ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడం. బాబూ, ఆయనకి మామూలుగా ఇంట్లో బీపీ ఎంత ఉండేదో ఆ పాత చీటీలు తీసుకెళ్లి చూపించు.

గాజువాక అబ్బాయి:

సార్, మేడమ్, అందరికీ దండాలు. నాకు ఇప్పటిదాకా ఎవరూ ఇలా చెప్పలేదు. పాత చీటీలు అమ్మ దగ్గర కవర్లో ఉన్నాయి, రేపు తీసుకెళ్తాను. ఇంకో రెండు అడగొచ్చా. ఒకటి, గుండె వేగం 120 దాకా ఉంటోంది, గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మందు ఇస్తే ఒంటి మీద స్ట్రెస్ తగ్గి మంచిదని ఒకచోట చదివాను, అది అడగనా? రెండు, మెదడుకి రక్తం సరిగ్గా వెళ్తోందో లేదో చూసే పరీక్ష ఏమైనా ఉందా? ఉంటే ఖర్చు ఎంతైనా చేయిస్తాం.

అనస్థీషియా, మహారాణిపేట:

బీటా బ్లాకర్ మాట మీరు ఎత్తకండి. 2013లో రోమ్‌లో ఒకే ఆసుపత్రిలో 154 మందిని తీసుకుని, సగంమందికి ఎస్మొలాల్ అనే బీటా బ్లాకర్ ఇచ్చి చూస్తే ఫలితం అద్భుతంగా కనిపించింది, ప్రపంచమంతా ఆశపడింది. తర్వాత బ్రిటన్‌లో లాండియొలాల్ అనే అదే రకం మందుతో స్ట్రెస్-ఎల్ అనే ట్రయల్ పెట్టారు, లాభం కనబడకపోగా కీడు జరిగే సూచనలు ఉన్నాయని 126 మంది దగ్గరే మధ్యలో ఆపేశారు, ఆ ఫలితాలు 2023లో వచ్చాయి. సెప్టిక్ షాక్‌లో గుండె వేగంగా కొట్టుకోవడం చాలాసార్లు ఆ మనిషిని నిలబెట్టే ప్రయత్నమే, దాన్ని బలవంతంగా తగ్గిస్తే గుండె పంపే రక్తం తగ్గి మెదడుకీ తగ్గుతుంది. లయ తప్పినప్పుడో మరో కారణం ఉన్నప్పుడో డాక్టర్లు ఇస్తే అది వేరే సంగతి. జ్వరం ఉందా, నొప్పి ఉందా, నీళ్లు చాలాయా అన్నది ముందు చూస్తారు. నొప్పి మాట ఎందుకంటే, డెక్స్‌కి నొప్పి తగ్గించే గుణం కొంచెమే ఉంది, ఫెంటనిల్ లాంటిది పక్కన చిన్న డోసులో నడుస్తోందా అని అడగండి. ఫెంటనిల్, బీపీ, కార్బన్ డయాక్సైడ్ నిలకడగా ఉన్నంతవరకు, మెదడు రక్తాన్ని పెద్దగా కదపదు.

పరీక్ష ఉంది. కణత దగ్గర ప్రోబ్ పెట్టి చూసే ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్. అది మెదడులో రక్తం ఎంత వేగంగా పోతోందో చెబుతుంది, ఎంత పరిమాణంలో పోతోందో నేరుగా చెప్పదు. నుదుటి మీద అతికించే ఆక్సిజన్ సెన్సర్లు కూడా ఉన్నాయి. ఇవి పరిశోధనల్లో ఎక్కువ వాడతారు, వాటి నంబరు చూసి వైద్యం మార్చితే రోగి బాగుపడతాడని ఇంకా రుజువు కాలేదు. కాబట్టి దానికోసం ఆయన్ని ఇంకో ఆసుపత్రికి మార్చే ఆలోచన మాత్రం చేయకండి, నార్‌అడ్రినలిన్ మీద ఉన్న మనిషిని అంబులెన్సులో ఎక్కించి తిప్పడం కంటే పెద్ద ప్రమాదం ఇందులో ఏదీ లేదు. మత్తు తేలిక చేసినప్పుడు పలకాలి, రెండు చేతులూ కాళ్లూ ఒకేలా కదలాలి. పలకకపోయినా, ఒక పక్క కదలకపోయినా అప్పుడు స్కాన్, మెదడు తరంగాలు చూసే ఈఈజీ చేస్తారు.

సీతమ్మధార:

నేను డాక్టర్ని కాదు. మా అమ్మకి గాల్‌బ్లాడర్ ఇన్ఫెక్షన్‌తో ఇలాగే అయింది. ట్యూబు తీశాక నన్ను చూసి తన చెల్లెలి పేరుతో పిలిచింది, గోడ మీద ఎవరో పాకుతున్నారంది, రాత్రిళ్లు సెలైన్ పీకేసుకుంది. మా ఇంట్లో అందరం ఇక అమ్మ ఇంతే అనుకున్నాం. ఎవరైనా ముందుగా చెప్పి ఉంటే అంత అల్లాడేవాళ్లం కాదు, అందుకే మీకు చెబుతున్నాను. మెల్లగా తగ్గింది. ఇప్పుడు మనుషులందరూ గుర్తున్నారు, సింహాచలం కూడా వెళ్లొచ్చింది, కానీ డబ్బుల లెక్క మునుపటిలా కుదరడం లేదు, చిల్లర ఎంతివ్వాలో తడబడుతుంది. అది మత్తు మందు వల్లా, జబ్బు వల్లా అన్నది నాకు తెలియదు, డాక్టర్ గారే చెప్పాలి.

అనస్థీషియా, మహారాణిపేట:

మీరు చెప్పింది చాలా అవసరమైన మాట. లేచాక కొన్నాళ్లు అలా ఉండటాన్ని డెలీరియం అంటాం, సెప్సిస్‌లో చాలా మామూలు. దీనికి రక్తం తగ్గడం ఒక్కటే కారణం కాదు. ఒళ్లంతా ఉన్న వాపు మెదడు దాకా పోతుంది, రక్తానికీ మెదడుకీ మధ్య ఉండే కాపలా గోడ కారుతుంది, జ్వరం, షుగర్ పడిపోవడం, నిద్ర లేకపోవడం అన్నీ కలుస్తాయి. మత్తు మందుల్లో ఏది వాడారన్నదాని కంటే ఎంత లోతుగా, ఎన్ని రోజులు ఉంచారన్నదే ఎక్కువ లెక్కలోకి వస్తుంది. 2021లో అమెరికాలో సెప్సిస్‌తో వెంటిలేటర్ మీద ఉన్న నాలుగు వందల మందికి పైగా రోగుల్లో డెక్స్‌నీ ప్రొపోఫాల్‌నీ పోల్చారు, రెండు పక్కలా తేలికపాటి మత్తే పెట్టారు. డెలీరియం లేని రోజుల్లో తేడా లేదు, ఆరు నెలల తర్వాత ఆలోచనా శక్తిలోనూ తేడా లేదు. అందుకే గాజువాక తమ్ముడికి చెప్పేది, పంపులో ఉన్నది డెక్సా, ప్రొపోఫాలా అన్నదాని మీద మనసు పాడుచేసుకోవద్దు.

లెక్కల్లో తడబాటు కూడా నిజమే. 2013లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో ఐసీయూ నుంచి బయటపడిన ప్రతి నలుగురిలో ఒకరికి ఏడాది తర్వాత కూడా జ్ఞాపకం, ఆలోచన తేలికపాటి అల్జీమర్స్‌లో ఉన్నంతగా దెబ్బతిని ఉన్నాయి, డెలీరియం ఎక్కువ రోజులు ఉన్నవాళ్లకి ఎక్కువ. ఇది భయపెట్టడానికి కాదు. డిశ్చార్జ్ అయ్యాక నెలలపాటు ఆయనకి టైం ఇవ్వాలని, మందుల డబ్బా, బ్యాంకు పనులు మీరే చూసుకోవాలని. సీతమ్మధార గారూ, అమ్మగారిని ఒకసారి న్యూరాలజీ ఓపీలో చూపించండి, థైరాయిడ్, బీ12 కూడా చూస్తారు.

గాజువాక అబ్బాయి:

ఇవాళ పొద్దున్న పాత చీటీలు చూపించాను. ఇంట్లో 150 పైనే ఉండేదని చూసి డాక్టరు గారు మీన్ 65 నుంచి 72కి పెంచి చూస్తామన్నారు. రాస్ అడిగితే మైనస్ మూడు, మైనస్ ఒకటికి తేవాలనుకుంటున్నామని వెంటనే చెప్పారు, డెక్స్ కొంచెం తగ్గించారు. కార్బన్ డయాక్సైడ్ 34 ఉందట, వెంటిలేటర్‌లో ఏదో మార్చారు. ఫెంటనిల్ నడుస్తోందట. లాక్టేట్ నిన్న 4 ఉన్నది ఇవాళ 2.6. బాబాయికి కూడా మీ రిప్లైలన్నీ చదివి వినిపించాను, ఇప్పుడు ఆపించమనడం లేదు. సాయంత్రం నాన్న చెయ్యి పట్టుకుని నొక్కమంటే కుడి చెయ్యి నొక్కారు, ఎడమది సరిగ్గా తెలియలేదు, అది నా అనుమానమో నిజమో.

నైట్ డ్యూటీ సిస్టర్:

తమ్ముడూ, ఎడమ చేతికి లైను, బీపీ పట్టీ ఉంటే సరిగ్గా నొక్కలేరు, అది చాలాసార్లు అవుతుంది. అయినా నీలోనే పెట్టుకోకు, ఇప్పుడే డ్యూటీ సిస్టర్‌కి చెప్పు, డాక్టరు గారితో రెండు చేతులూ రెండు కాళ్లూ చూపించి చార్టులో రాయమను. పొద్దున్నదాకా ఆగకు.

గాజువాక అబ్బాయి:

ఇప్పుడే వెళ్తున్నాను సిస్టర్.